పిలుపు – నిలుకడ: తెలుఁగు బైబిలునందలి కొన్ని పదముల విమర్శము

క్రైస్తవ వాఙ్మయమును విమర్శింపఁబూనిన మన పండితులలోఁ బెక్కండ్రు దాని వాక్యరచనను నిందించి యంతటితో విరమించిరి. సంధులు విడిచిరనియు, విభక్తులు సడలించిరనియు, కర్మణిప్రయోగమును మితిమీఱి వాడిరనియు వారి యాక్షేపణము. ఆ యాక్షేపణమున సత్యము లేకపోలేదు. కాని వాక్యమునకంటె ముందు పదము గలదు. ఒక మతమునకు మూలమైన గ్రంథమును వేఱొక భాషలోనికిఁ దెచ్చువారికిఁ బదముల నేఱుటయే ప్రధానకార్యము. వాక్యము కుంటుపడినను జదువరి యర్థమును గ్రహింపఁగలఁడు. పదము తప్పిపోయినచో నాతఁడు తప్పిన యర్థమునే సత్యమని నమ్మి, జీవితమంతయు దాని ననుసరించి నడచును. కావున వాక్యదోషములను లెక్కించుటకంటెఁ బదముల యౌచిత్యమును విచారించుట యెక్కువ ప్రయోజనకరము.

క్రైస్తవ జీవితమునకు మూలస్తంభములు రెండు. దేవుఁడు పిలుచును, మనుష్యుఁడు పలుకును, ఇది మొదటిది. పలికినవాఁడు పలికినచోటనే కడవఱకు నిలుచును, ఇది రెండవది. మొదటిది క్షణకార్యము, రెండవది జీవితకార్యము. ఈ రెంటిని దెలుపుటకుఁ దెలుఁగు బైబిలు ప్రధానముగా పిలుపు, చిత్తము, విశ్వాసము, నమ్మకము అను నాలుగు పదములను వాడినది. ఇవి మూలభాషల యర్థమునకు సరిపోయినవా, సరిపోనిచోట లోపము పదమునందా వ్యాఖ్యానమునందా యనునదియే యిచ్చట విచార్యము. మతముయొక్క సత్యాసత్యనిర్ణయము నా యుద్దేశము కాదు. శబ్దమునకు నర్థమునకుఁ గల సంబంధమును బరిశీలించుటయే వైయాకరణుని పని. ఈ విమర్శకుఁ బాఠముగా గ్రహించినది సంఘములలోఁ దఱచుగాఁ జదువఁబడు ప్రాచీన తెలుఁగు బైబిలు.

ఈ పదములు మనకుఁ దేరగా లభించినవి కావు. లండను మిషనరీ సంఘమువారగు క్రాన్, దే గ్రాంజి యనువారు 1805 లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయఁడను బ్రాహ్మణ క్రైస్తవుని సాహాయ్యమున సువార్తలను దెనిఁగింప మొదలిడిరి. 1809 లో క్రాను, 1810 లో దే గ్రాంజియు మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812 లో శ్రీరామపురమున ముద్రితములైనవి. తమ శ్రమఫలమును అచ్చులోఁ జూచుకొను భాగ్యము వారి కిరువురకును లేకపోయెను. పిమ్మట ననేకులు సంస్కరించి నేఁటి పాఠమును గూర్చిరి. మొదట నీ పని చేసినవారు తెలుఁగు తల్లిభాష కానివారు; వారి ప్రక్కఁ గూర్చుండి పదము లందించినవాఁడు తెలుఁగువాఁడు. ఈ సంగతి ముందు ముందు మనకు నుపకరించును.

పిలుపు

పిలుచు ధాతువునకు భావార్థమున 'పు' చేరి పిలుపగుచున్నది. తలఁచు – తలఁపు, గెలుచు – గెలుపు, వలచు – వలపు అనునవి యీ తీరువే. గ్రీకుమూలమున నీ స్థానమునందున్న పదము క్లేసిస్. అదియుఁ బిలుచుట యను నర్థముగల ధాతువునుండి పుట్టిన భావార్థకమే. కాఁబట్టి పిలుపు క్లేసిస్సునకు ధాతువునందును బ్రత్యయార్థమునందును సరిపోయిన ప్రతిపదము. అనువాదకులు సంస్కృతమునుండి 'ఆహ్వానము'ను గైకొనక యచ్చతెలుఁగు పదమును గైకొనుట మెచ్చఁదగినది. విందునకు, వివాహమునకు వచ్చునది ఆహ్వానము. పేరుపెట్టి తల్లి కేకవేయునది పిలుపు. సమూయేలును దేవుఁడు రాత్రివేళఁ బేరుపెట్టి పిలిచినాఁడు. అది శుభలేఖ కాదు.

అయినను సంస్కృతధాతువునందు స్మరింపఁదగిన విశేష మొకటి గలదు. హ్వేఞ్ ధాతువునకు శబ్దించుట యొక యర్థము, స్పర్ధించుట యొక యర్థము. ఆఙ్పూర్వకమైన యీ ధాతువు స్పర్ధార్థమున నాత్మనేపదియగునని పాణిని ప్రథమాధ్యాయ తృతీయపాదమున విధించినాఁడు. ఆహ్వయతి యనఁగాఁ బిలుచుచున్నాఁడు. ఆహ్వయతే యనఁగా బరిలోనికి రమ్మని సవాలు చేయుచున్నాఁడు. బైబిలునందలి పిలుపులనుఁ బరిశీలించినచో నీ రెండర్థములును వేఱుపడక యుండుట కనఁబడును. అబ్రాహామునకు వచ్చిన పిలుపు స్వదేశమును విడువుమని. మఱల వచ్చిన పిలుపు కుమారుని నర్పింపుమని. మోషేకు వచ్చిన పిలుపు, తాను పాఱివచ్చిన దేశమునకే తిరిగిపొమ్మని. పిలుపు లాలనయుఁ గాఁగలదు, పరీక్షయుఁ గాఁగలదు. పిలుపన్నచో నోదార్పు మాత్రమే యని బోధించువా రీ రెండవ యర్థమును మఱవరాదు.

పౌలు తన్నుగూర్చి చెప్పుకొనునపుడు 'పిలువఁబడినవాఁడు' అని కర్మణిప్రయోగము చేసినాఁడు. తెలుఁగువా రిదే నిందింతురు. ఇతరత్ర నింద సరియే కావచ్చును గాని యిచ్చట నది వ్యర్థము. పిలుచుట సకర్మకక్రియ. దేవుఁడు పౌలును బిలిచెననఁగా దేవుఁడు కర్త, పౌలు కర్మ. పౌలు దమస్కునకుఁ బోవుచున్నది శిష్యులను బంధించుటకు; పిలుపు నాతఁడు కోరలేదు. తాను కర్తను గానని చెప్పుటయే యాతని తాత్పర్యము. దానిని గర్తరిప్రయోగమునకు మార్చినచో వాక్యము సొగసగును, తాత్పర్యము నశించును. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో 'పిలువఁబడిన పిలుపు' అనునది పునరుక్తివలెఁ దోఁచును. మూలమునందును నా ధాత్వావృత్తియే కలదు. ఆట యాడుట, పాట పాడుట మన భాషలో దోషములు కానప్పు డిదియు దోషము గాదు.

పిలుపన్న పదమును విడిచిపెట్టిన చోటనే నాకు సంశయము గలుగుచున్నది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక, 7వ యధ్యాయమున, ఎవఁడే పిలుపునందుఁ బిలువఁబడెనో దానియందే నిలువవలెనని మూలార్థము. తెలుఁగుపాఠమునఁ బిలుపునకు మాఱుగా 'స్థితి' యను పదము వచ్చినది. అన్వయసౌలభ్యమున కీ మార్పు చేసియుందురు. లూథరు తన జర్మను బైబిలునందు 'బెరూఫ్' అను పదమును వాడెను. ఆ పద మా భాషలో జీవనవృత్తి యను నర్థమున స్థిరపడినది. పిలుపు వృత్తియైన యీ పరిణామమును మాక్సు వేబరు 1904–05 లోఁ బ్రకటించిన వ్యాసములలో విస్తరించి చర్చించినాఁడు. తెలుఁగున నట్లు జరుగలేదు. పిలుపు వృత్తి కాలేదు, స్థితి యయ్యెను. వర్ణజాతిభేదములు పాతుకొన్న మన దేశమున స్థితి యను పదము మిక్కిలి బరువైనది. ఎవని స్థితిలో వాఁడుండవలెననఁగానే యెవని కులమున వాఁడు, ఎవని దాస్యమున వాఁడు పడియుండవలెనని వినువారి కర్థమగును. మూలమున దేవుఁ డిచ్చినది పిలుపు; స్థితి పిలుపు వచ్చి తాఁకిన చోటు మాత్రమే. నిలువవలసినది పిలుపునందుఁ గాని చోటునందుఁ గాదు. ఆ ప్రకరణముననే దాసుని విడుదలను గూర్చియు మాట రాఁగా, స్థితియే దేవాజ్ఞ యను నర్థ మెట్లు పొసఁగును? ఈ యొక్కచోట మూలపదమును నిలుపుటయే యుత్తమము.

చిత్తము

పిలుపునకు బదులేమి? హెబ్రీమూలమున నీ బదులు 'హిన్నేనీ' యను నొక్క పదము. ఇదిగో నేను, అని దాని యర్థము. అందుఁ గ్రియ లేదు. ఏమి చేయుదునో చెప్పలేదు, ఉన్నాననుట మాత్రమే. తెలుఁగు బైబిలునందు అబ్రాహామును మోషేయును దేవునికిట్లు బదులు పలుకునప్పుడు, 'చిత్తము' అని, ప్రభుసంబోధనమును జేర్చి పలుకుదురు.

ఈ యనువాదము నేను జూచినవానిలో మిక్కిలి సాహసమైనది, మిక్కిలి తెలుఁగైనది. చిత్త మనునది సంస్కృతమున జ్ఞానార్థకమైన చితీ ధాతువునకు క్తప్రత్యయము చేరఁగా నైన పదము, మనస్సని యర్థము. తెలుఁగున నిది సేవకుఁడు ప్రభువునకుఁ జెప్పు నంగీకారవచనమైనది. తమ చిత్త మెట్లో యట్లే యను వాక్య మంతయు సంక్షేపించి యొక్క పదముగా మిగిలినది. కచేరీలోను, జమీందారుల లోఁగిళ్లలోను దీనిని వినని తెలుఁగువాఁడు పూర్వ మెవ్వఁడును లేఁడు. అనువాదకుల ప్రక్కఁ గూర్చుండిన తెలుఁగువాని చెవి యిట్టి చోటఁ బని చేసినదని యూహింపవచ్చును. హెబ్రీపదము సాన్నిధ్యమును దెలుపును, తెలుఁగుపదము సమర్పణమును దెలుపును. ఉన్నాననుట హెబ్రీ, తమ యిష్టమే నా యిష్టమనుట తెలుఁగు. మూలమున ధ్వనిగా నున్నది తెలుఁగున వాచ్యమైనది.

లాభము గలిగినచోట నష్టమును జూపవలెను. ఆదికాండము 22వ యధ్యాయమున అబ్రాహా మొకే బదులును మూఁడుమాఱులు పలుకును. మొదట దేవుఁడు పిలిచినప్పుడు. నడుమ దారిలోఁ గుమారుఁడు నాయనా యని పిలిచినప్పుడు. తుదను గత్తి యెత్తినపిమ్మట దేవదూత పిలిచినప్పుడు. హెబ్రీమున మూఁడింటను 'హిన్నేనీ' పదమే. దేవునికి నేనున్నానన్న తండ్రియే, తాను బలియీయఁబోవు కొడుకునకును నేనున్నాననవలసివచ్చెను. ఆ కథయందలి వేదన యంతయు నా పదావృత్తియందుఁ గలదు. తెలుఁగుపాఠమున మొదటిదానికిని గడపటిదానికిని 'చిత్తము' నిలిచినది గాని, నడుమ నున్నదానికి కుమారుని నేమని ప్రశ్నించు మాట వచ్చినది. దీనికి అనువాదకులను నిందింపరాదు. తండ్రి కొడుకుతోఁ జిత్తమనుట తెలుఁగు మర్యాద గాదు. ప్రభుసేవకసంబంధమునుండి యేఱిన పదము పితాపుత్రసంబంధమునకుఁ జాలదు. పదము యొక్క శక్తియే దాని హద్దును నిర్ణయించినది. బోధించు పండితుఁ డిచ్చట నిలిచి మూలమునందలి యావృత్తిని విద్యార్థులకుఁ జెప్పవలెను.

సమూయేలు కథయం దనువాదకులు మఱింత జాగరూకులై, చిత్తమనుటను నేనున్నాననుటను రెంటిని గూర్చిరి. యెషయా గ్రంథము 6వ యధ్యాయమున నేనున్నాననుటకు ముందు 'చిత్తగించుము' అను పద ముంచిరి. బాలుఁడైన సమూయేలు దేవుని పిలుపును దన గురువు పిలుపుగా భ్రమించి మూఁడుమాఱులు లేచి యేలీయొద్దకుఁ బరుగెత్తినాఁడు. పిలిచినది దేవుఁడని తెలిసికొన్నవాఁడు వృద్ధుఁడైన యేలీ. పిలుపు శిష్యునిది, ఎఱుక గురువుది. అటుపిమ్మట సమూయేలు పలికిన మాటకు సారము తాను వినుచున్నాననుట. వినుట యనఁగా విధేయుఁడగుట యను నర్థము హెబ్రీయమునఁ గలదు. గ్రీకునను విధేయతను దెలుపు క్రియ వినుటనుండియే పుట్టినది. మనకును నిది కొత్త గాదు. 'వాఁడు తండ్రి మాట వినఁడు' అన్నచో వాఁడు చెవిటివాఁడని యెవ్వఁడును దలఁపఁడు. శ్రు ధాతువునకు సన్ ప్రత్యయము చేరి వినఁగోరుట యను నర్థముతోఁ బుట్టిన 'శుశ్రూష' పదము సేవ యను నర్థమున రూఢమైనది. వినఁగోరుటయే సేవయైనది. ఇన్ని భాష లొక్క విషయమున నేకీభవించుట యాదృచ్ఛికము గాదు.

వ్యాకరణదృష్టిచేఁ జూచినచో నిచ్చట జరిగిన దేమి? పిలుపునందుఁ గర్మగా నున్నవాఁడు బదులు పలుకుటచేఁ గర్త యయ్యెను. కర్త యనఁగా స్వతంత్రుఁడని పాణిని నిర్వచనము. పిలువఁబడుట యెవనికైనను దప్పదు. పలుకుట మాత్రము వానికి స్వాధీనము. యోనా పలుకక యోడయెక్కి పాఱిపోయినాఁడు. చిత్తమనుట దాస్యవచనమువలెఁ గనఁబడుచున్నను, దాని ననువాఁడు స్వతంత్రకర్త.

విశ్వాసము – నమ్మకము

ఇప్పుడు కష్టమైన ఘట్టమునకు వచ్చితిమి. చిత్తమన్నవాఁడు చిత్తమన్నట్లే యుండుటను దెలుపు పదమేది? గ్రీకుమూలమున పిస్తిస్ అను నొక్క పదమునకు రెండు ముఖములు గలవు. ఒకనిని నమ్ముట యొకటి. ఒకనిచేత నమ్మఁదగినవాఁడై యుండుట రెండవది. దానికి సంబంధించిన విశేషణము పిస్తోస్. తెలుఁగు బైబి లీ రెండు ముఖములకు రెండు పదములను బంచియిచ్చినది. దేవుని నమ్ముటకు విశ్వాసము. విడువక యుండు సేవకుని గుణమునకు నమ్మకము. తలాంతుల యుపమానమందలి దాసుఁడు నమ్మకమైనవాఁడు. స్ముర్న సంఘమునకుఁ జెప్పఁబడిన హితవు నమ్మకముగా నుండుమని. దేవునికే యీ విశేషణము చెప్పినపు డొకచోట నమ్మఁదగినవాఁడు, వేఱొకచోట నమ్మకమైనవాఁడు.

ఇందు దోషము గలదని వాదించుట సులభము. ఒక్కటియైన దానిని రెండుగాఁ జీల్చుటవలన, విశ్వాసము మనస్సులోని యొప్పుకోలనియు, నమ్మకము నడవడిలోని గుణమనియుఁ జదువరి తలఁచును. ఒప్పుకొన్నంతనే క్రైస్తవుఁడైతినని సంతసించి, నిలుచుటను వేఱొక యదనపు పుణ్యముగా నెంచును. గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ యధ్యాయమున ఆత్మఫలములలో నొకటిగాఁ బిస్తిస్ చెప్పఁబడినది. ప్రేమ, మంచితనము, సాత్వికము మొదలగు నడవడి గుణముల నడుమ నుండుటచే నది కడవఱకు నిలుచు గుణమని ప్రకరణము చెప్పుచున్నది. తెలుఁగుపాఠమునఁ గల పదము విశ్వాసము. కావున నిచ్చటఁ బదము తప్పినదని పూర్వపక్షము.

ఈ పూర్వపక్షము నే నంగీకరింపను. విశ్వాస శబ్దము వి యను నుపసర్గ ముందుగాఁ గల శ్వస ధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరఁగా నేర్పడినది. ఆ ధాతువునకు బ్రదికి శ్వాసించుట యర్థము. ఎవనియెదుట భయము లేక నిండుగా నూపిరి తీయఁగలమో వానియందుఁ గలది విశ్వాసము. అమరసింహుఁడు దీనిని విస్రంభమునకుఁ బర్యాయముగాఁ జెప్పినాఁడు. ఇంతవఱకు సంస్కృతము. తెలుఁగుదేశమున నీ పద మంతటితో నాగలేదు. కుక్కకు విశ్వాస మెక్కువ యని ప్రతి పల్లెయందును జెప్పుదురు. దాని యర్థము కుక్క మనలను నమ్మునని కాదు. అది మనలను విడువదని. ఉప్పు తిన్న విశ్వాసము లేదని నిందించునపుడు, తిన్నయింటికి ద్రోహము చేసినాఁడనియే యర్థము. కావున తెలుఁగు విశ్వాసమునకు నమ్ముటయు, విడువకుండుటయు రెండర్థములును గలవు. గ్రీకు పిస్తిస్సునకున్న రెండు ముఖములు నిందును గలవు. నమ్మకమును నట్టిదే. అమ్మకము, వాడకము, పెంపకమువలె భావార్థకమైన యీ పదము, 'నాకు వానియందు నమ్మకము' అన్నచో నమ్మువానిపక్షమునను, 'నమ్మకమైన నౌకరు' అన్నచో నమ్మఁబడువానిపక్షమునను నిలుచును.

కాఁబట్టి చీలిక తెలుఁగుభాషది కాదు. అనువాదకులు వ్యవస్థకొఱ కొకదాని నొక పక్షమునకు వాడిరి. తరువాతి బోధకు లా వ్యవస్థనే యర్థనియమముగాఁ జేసిరి. శాస్త్రమునఁ బారిభాషికార్థము లోకార్థమును మ్రింగివేయుట మనకుఁ దెలిసినదే. 'గుణ' మన్నంతనే వైయాకరణునికి అ, ఏ, ఓ లే స్ఫురించును గాని మంచితనము స్ఫురింపదు. అట్లే సంఘమున విశ్వాసమన్నచో సిద్ధాంతాంగీకారమే స్ఫురించుచున్నది. పల్లెలో వినఁబడు విశ్వాసము మఱుగుపడినది. గలతీయపత్రికలోని పదమును మార్చ నక్కఱలేదు. దానిని తెలుఁగువాని చెవితోఁ జదివినఁ జాలును. ఆత్మఫలమైన విశ్వాసము తిన్నయింటిని విడువని విశ్వాసము. పదమును సంస్కరించుటకంటె బోధను సంస్కరించుట మేలు.

స్ముర్న సంఘమునకుఁ జెప్పిన 'మరణమువఱకు' అను మాటయందును విచార్యము గలదు. అవధి రెండువిధములు. అవధిగాఁ జెప్పఁబడినది విడువఁబడినచో మర్యాద, కలుపఁబడినచో నభివిధి. మరణమువఱకు నమ్మకముగా నుండుట మర్యాదయా, అభివిధియా? ఆయువు తీఱువఱకు సంఘమున సభ్యుఁడై యుండుట చాలునన్నచో మర్యాద. మరణమే మూల్యముగా నడిగినప్పుడు దానిని గూడ నిచ్చుట యన్నచో నభివిధి. పరిశోధించి చూడఁగా రెండవదియే మూలమునకు సన్నిహితము. ఏలయనఁగా నా వాక్యమునకు ముందు చెఱయు శ్రమయుఁ జెప్పఁబడినవి. ఆ స్ముర్న పట్టణముననే క్రీ. శ. 2వ శతాబ్దము నడుమ, ఆ సంఘపు టధ్యక్షుఁడగు వృద్ధ పోలికార్పు, క్రీస్తును నిందించినచో విడిచెదమని యధికారు లన్నను నిందింపక యగ్నికి నాహుతి యయ్యెను. ఆ సంఘమువా రీ వృత్తాంతమును లేఖగా వ్రాసిరి. ఎనుబదియాఱేండ్లు తాను క్రీస్తును సేవించితినని యాతఁ డన్నట్లు అందుఁ గలదు. ఆ మాటకు వ్యాఖ్యానము గ్రంథములందుఁ గాక యా వీథిలోనే వ్రాయఁబడినది.

నిలుకడ

పిస్తిస్సునకు వెనుక హెబ్రీమున ఎమూనా యను పదము గలదు. నీతిమంతుఁడు దేనిచేత బ్రదుకునో హబక్కూకు చెప్పినచోట నున్నది యీ పదమే. పౌలు తన వాదమున కాధారముగాఁ గొన్నది యా చోటే. తెలుఁగున నక్కడ విశ్వాసమని యున్నది. ప్రార్థనాంతమునఁ బలుకు 'ఆమేన్' పదమును నీ ధాతువునుండి పుట్టినదే. ధాత్వర్థము స్థిరమగుట.

ఈ ఎమూనా పదమే నిర్గమకాండము 17వ యధ్యాయమున నెవరును జూడని చోట నొకటి గలదు. అమాలేకీయులతో యుద్ధము జరుగుచుండఁగా మోషే కొండపైఁ జేతు లెత్తి నిలిచినాఁడు. చేతులు బరువెక్కి దిగఁగానే పగవారికి గెలుపు. అప్పు డహరోనును హూరును ఱాతి నొకదానిని దెచ్చి మోషేను గూర్చుండఁబెట్టి, ఇరుప్రక్కల నిలిచి యాతని చేతుల నెత్తిపట్టిరి. సూర్యాస్తమయమువఱకు నా చేతులు ఎమూనాగా నుండెనని మూలము. తెలుఁగువా రిచ్చట వ్రాసిన పదము 'నిలుకడ'.

ఇంతకంటెఁ జక్కని పదము మఱియొకటి లేదు. పిలుపునకుఁ జిత్తమన్నవాఁడు కడవఱకుఁ జేయవలసినదాని కిదియే తెలుఁగుపేరు. విశ్వాసము, నమ్మకము అని విడిపోయిన రెండుపాయలును వచ్చి కలియు చోటు నిలుకడ. హబక్కూకు వాక్యమును జదువునపు డీ కొండపైఁ జేతులను జ్ఞప్తికిఁ దెచ్చుకొన్నచో, విశ్వాసము మనస్సులోని యొక యభిప్రాయమను భ్రమ తొలఁగును. అలసిన చేతులు దిగకుండుటయే యది. మఱియు నా చేతులు తమంత నిలువలేదు. ఇద్దఱు పట్టుకొనఁగా నిలిచినవి. నిలుకడ యేకాకి గుణము గాదని మూలకారుని భావము.

ఇందు వ్యాకరణసమ్మతమైన యుపపత్తి గలదు. పిలుచుట సకర్మకము, వ్యాపారము పిలుచువానియందు, ఫలము పిలువఁబడువానియందు. నిలుచుట యకర్మకము, వ్యాపారఫలములు రెండును నిలుచువానియందే. కావుననే పిలుపు మన పని కాదు, నిలుచుట మన పని. కాని నిలుచు ధాతువునకుఁ బ్రేరణార్థమున నిలుపు అను రూపము గలదు. ఒకఁడు నిలుచును, మఱియొకఁడు నిలుపును. నిలుపువాఁడు ప్రయోజకకర్త, వానిని శాస్త్రము హేతువనును. ప్రయోజకుఁడు గలఁడని ప్రయోజ్యకర్తయొక్క స్వాతంత్ర్యము పోదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ యధ్యాయమున, దాసుఁడు నిలుచునని చెప్పి, వెంటనే వానిని నిలువఁబెట్టుటకు ప్రభువు శక్తుఁడని చెప్పుటలో నీ రెండు కర్తృత్వములు నొక్కచోటఁ జేరినవి. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక తుదను, పిలుచువాఁడే నమ్మకమైనవాఁడని పౌలు చెప్పినాఁడు. పిలుపు నిచ్చినవాఁడే నిలుపువాఁడు. మనుష్యుని నిలుకడ దేవుని నమ్మకమునకుఁ బ్రతిబింబము. ఈ యన్వయమును విడిచినచో నిలుకడ వట్టి మొండితనమగును. లేదా నిలువలేనివానికి నిరాశయగును.

పేతురు కథ యిందులకు దృష్టాంతము. సరస్సుతీరమున వలలు విడిచి యొక్కమాటకు వెంట నడచినవాఁ డాతఁడు. ఆ పలుకులో లోపము లేదు. అట్టివాఁడే కోడి కూయకమునుపు మూఁడుమాఱులు ఎఱుఁగనన్నాఁడు. నిలుకడ యొక్కటియే కర్తృస్వాతంత్ర్యముపై నాధారపడినచో నాతని చరిత్ర యక్కడ ముగియవలసినది. యోహాను సువార్త కడపటి యధ్యాయమున నదే సరస్సుతీరమునఁ బిలిచినవాఁడు మఱల వచ్చి, మూఁడుమాఱులు ప్రశ్నించి, వెంబడింపుమని మఱలఁ జెప్పినాఁడు. పడినవానిని నిలుపుట యిట్లుండును.

మన దేశచరిత్రలో నీ విచారమునకుఁ దగిన సందర్భము లున్నవి. పర్లాకిమిడి ప్రాంతీయుఁడగు పురుషోత్తమచౌదరి 1833 లో బాప్తిస్మమును బొంది, 1890 లో మరణించువఱకు నేఁబదియేడేండ్లు సువార్తను బ్రకటించుచుఁ గీర్తనలు రచించుచు నుండెను. ఆతఁడు పండితకవి గావునఁ బలువు రెఱుఁగుదురు. పేరు తెలియనివారి సంగతి వేఱు. 1876–78 నాఁటి ఘోరక్షామమునకుఁ బిమ్మట, 1878 జూలై 3వ తేదీని ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ నీటిలో 2,222 మంది బాప్తిస్మమును బొందిరి. వారిలో నధికసంఖ్యాకులు మాదిగలు. కూటికొఱకు మతము మార్చిరని నాఁడు పలువురు పలికిరి. క్షామసాహాయ్యము జరుగుచున్నంతకాలము క్లౌదొర బాప్తిస్మ మీయ నిరాకరించెనని చరిత్ర చెప్పుచున్నది. అయినను నిందకు బదులు దొర వాఙ్మూలము కాదు. పిలుపునకు బదులు పలికిన దినమున మనస్సులో నేమున్నదో పరు లెఱుఁగలేరు. ఎఱుఁగఁదగినది నిలుకడ యొక్కటియే. ఊరిబావియొద్దకు రాఁగూడనివారు, చేనికూలి పోవునని బెదరింపఁబడినవారు, తమ బిడ్డలను బడికిఁ బంపి, సంఘములు గట్టుకొని, తరములు నిలిచిరి. 'స్థితి'లో నుండుఁడని వారి నెవరైన శాసించినచో వారు నిలిచినది స్థితియందుఁ గాదు, పిలుపునందు. వేయిపేజీల భాష్యముకంటె నీ సంఘములు పై పదముల యర్థమును స్పష్టముగాఁ జెప్పుచున్నవి.

విమర్శసారమును సంగ్రహింతము. తెలుఁగు బైబిలునందు పిలుపు యథార్థమైన ప్రతిపదము. ఒక్క కొరింథీయపత్రికయందు దానిని విడుచుట లోపము. చిత్తము మూలమును మించిన పదము. తండ్రికొడుకుల నడుమ దాని కధికారము లేదు. విశ్వాసము నమ్మకము లను పదములు రెండును సమర్థములే. వానిని జీల్చి బోధించుట యనర్థము. నిలుకడ యొక్కచోట మాత్రమే మూలపదమునకుఁ బ్రతిపదమై వచ్చినను, మిగిలిన పదములకుఁ దాళపుచెవి వంటిది. పాఠశాలలలోను సంఘములలోను బైబిలును బోధించు పండితులు హబక్కూకు వాక్యము ప్రక్క మోషే చేతుల కథ నుంచి చెప్పుదురు గాక.